అరవైనాలుగు గళ్ళు, పదిహేను మేకలు

పోయిన చలికాలం, ఒక శనివారం సాయంత్రం. చలికాలమంటే మాకు జూన్, జూలై నెలలు. కాన్‌బెర్రా ఊరికి ఉత్తరపు కొసన ఉన్న మా గంగాలిన్‌లో ఆ రాత్రి చలి సున్నాకి దిగువకి పోతుందని రేడియోలో చెప్పారు. హీటరు పక్కన బల్ల మీద మా పదిహేడేళ్ళ అబ్బాయి కంప్యూటరు హోంవర్కు చేసుకుంటున్నాడు. ఇంకో పక్కన ఫోనులో మా నాన్నగారు. ఇంకొల్లులో మా ఇంటి అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు పైకెత్తి, మనవడు ఏం చేస్తున్నాడో చూస్తున్నారు.

"తాతయ్యా, ఒక తమాషా సంఖ్య చెప్తా వినండి" అన్నాడు వాడు. అరవైనాలుగు బిట్ల చోటులో పట్టే అతిపెద్ద పూర్ణసంఖ్యని తెర మీద అచ్చు వేయించాడు. 18,446,744,073,709,551,615. ఒక్కో అంకే చదవడం మొదలుపెట్టాడు. సగంలో ఉండగా మా నాన్నగారు ఆపి, "చివర్న ఐదు, దాని ఎడమన ఒకటి, ఆరు, ఒకటి, మళ్ళీ ఐదు... అంతేనా?" అన్నారు.

వాడు తెర వంక, ఫోను వంక మార్చి మార్చి చూశాడు. తాతయ్యకి తెర కనిపించే వీలు లేదు మరి.

"అది మీ కంప్యూటరు వాళ్ళది కాదురా నాన్నా, మన పావులూరి మల్లనది" అన్నారాయన. హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి.

నేను కంప్యూటరు సైన్సులో మాస్టర్స్ చేసినవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా ఆ సంఖ్యతోనే అన్నం తింటున్నాను. అది తొమ్మిది వందల ఏళ్ళ కిందటే తెలుగు పద్యంలో ఉందని నాకు తెలియలేదు. తెలుసుకుందామని కూర్చుంటే కథ చదరంగం దగ్గర మొదలై, పులి-మేకల మీదుగా, మా ఇంటి కింద నేల దాకా వచ్చింది. దారిలో నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా తగిలింది. అదే ఈ వ్యాసం.

*

మల్లన పదకొండో శతాబ్దంవాడు, రాజరాజనరేంద్రుడి కాలంలో నన్నయకి సమకాలికుడు అని మన సాహిత్య చరిత్రలు సాధారణంగా చెప్పే మాట. కర్ణాట దేశంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, తొమ్మిదో శతాబ్దంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని ఈయన తెలుగు చేశాడు. మహావీరుడు జైనుడు, మల్లన శైవుడు. అంచేత లెక్కల్లో జైన సంబంధమైన ఉదాహరణలు వచ్చినచోట శివపూజకి పూలు తెచ్చి పెట్టాడు. లెక్క మాత్రం మారలేదు. తెలుగులో మనకి దొరికిన మొదటి గణిత గ్రంథం ఇదే. మా వైపు పావులూరు అని ఒక ఊరుంది. ఇంటిపేరు చూసి ఆయన మావాడేనని మేం గర్వపడుతుంటాం.

ఆయన పేరున ప్రసిద్ధమైన పద్యం ఒకటి చదరంగం గళ్ళ లెక్క చెప్తుంది. మొదటి గడిలో ఒకటి, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇలా రెట్టిస్తూ అరవైనాలుగు గళ్ళు నింపితే మొత్తం ఎంత? పద్యంలో అంకెలు చాలావరకు అంకెలుగా ఉండవు. అగ్నులంటే మూడు, వేదాలంటే నాలుగు, మన్మథుడి బాణాలంటే ఐదు, ఆకాశమంటే సున్నా. మాటలన్నీ విప్పి, కుడి నుంచి ఎడమకి పేర్చుకుంటే మా అబ్బాయి తెర మీది ఇరవై అంకెలూ తప్పు లేకుండా వస్తాయి. కాగితం మీద తప్పు దొర్లవచ్చు కాని ఛందస్సులో తప్పు దొర్లితే చెవికి తెలిసిపోతుంది. ఇంతకంటే మంచి బ్యాకప్ పద్ధతి నా ఉద్యోగంలో నేను చూడలేదు.

ఈ లెక్క ఒక్క మనదే అనను. మల్లనకి కాస్త ముందు, సుమారు 1000 ప్రాంతంలో, అల్ బిరూనీ కూడా ఈ సంఖ్యని లెక్కకట్టాడు. పదమూడో శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ మనందరికీ తెలిసిన కథ రాశాడు. చదరంగం కనిపెట్టిన పండితుడు బహుమానంగా గళ్ళ చొప్పున గింజలు అడిగాడు, రాజు "ఇంతేనా!" అని నవ్వాడు, తర్వాత ఖజానా చాలలేదు. బియ్యపు గింజ ఇరవై అయిదు మిల్లీగ్రాములనుకుంటే ఆ మొత్తం దాదాపు 46,000 కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచం అంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం యాభై కోట్ల టన్నుల పైచిలుకు. అంటే ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళ పంట.

చక్రవడ్డీ మహిమ చెప్పడానికి అందరూ ఈ కథే చెప్తారు. అక్కడితో ఆగిపోతారు. నాకు మాత్రం ఇందులో రెండు సందేహాలు వచ్చాయి.

ఒకటి, మనిషికి అరవైనాలుగు గళ్ళు ఎక్కడివి? సొమ్ము ఏటా ఎనిమిది శాతం పెరుగుతుందనుకోండి. రెట్టింపు కావడానికి తొమ్మిదేళ్ళు పడుతుంది. ఇరవై అయిదో ఏట పెట్టిన పదివేలు ముప్ఫై నాలుగుకి ఇరవై వేలు, నలభై మూడుకి నలభై, యాభై రెండుకి ఎనభై, అరవై ఒకటికి లక్షా అరవై, డెబ్భైకి మూడు లక్షల ఇరవై వేలు. అంతే. జీవితంలో మనకి దక్కేది అయిదు రెట్టింపులు. పైగా చదరంగం బల్ల మీద ఒక చిత్రం ఉంది. ఏ గడిలోనైనా ఉన్న గింజలు అంతకు ముందు గళ్ళన్నిటిలోవీ కలిపిన దానికన్నా ఒకటి ఎక్కువ. కాబట్టి ముప్ఫై నాలుగో ఏట మొదలుపెట్టినవాడు "మొదటి గడే కదా పోయింది, పదివేలే కదా" అనుకుంటాడు. పోయింది మొదటి గడి కాదు, చివరి గడి. డెబ్భయ్యో ఏట వాడి చేతిలో ఉండేది లక్షా అరవై వేలు.

రెండో సందేహం, ఆ రాజు చివరికి ఇచ్చాడా? ఇవ్వలేదు, ఇవ్వలేడు. మా ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి మూడు. రెండేళ్ళకి రెట్టింపు. నలభై నాలుగేళ్ళు అలా తిరగనిస్తే ఇరవై రెండు రెట్టింపులు. లక్ష రూపాయలు 41,943 కోట్లు కావాలి. మా తాలూకా మొత్తంలో అంత సొమ్ము కళ్ళచూసినవాడు లేడు. అంటే ఆ వడ్డీ ఎక్కడో ఒక గడిలో ఎగిరిపోయి తీరాలి, కాయితం మీద ఎంత పెరిగినా సరే. అంత వడ్డీ ఇస్తామని వచ్చేవాడి కంపెనీ బోర్డు ఎంత పెద్దదైనా, ముందు మల్లన లెక్క వేసి చూసుకోవాలి.

*

చదరంగంలో గెలిచి గింజలు అడక్కుండా బాగుపడ్డవాడు కూడా మన చరిత్రలో ఒకాయన ఉన్నాడు. బొడ్డుచెర్ల తిమ్మన. కృష్ణదేవరాయలతో చదరంగం ఆడి గెలిచేవాడని, ఆయన ఆటకి మెచ్చి రాయలవారు కొప్పోలు గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చారని చాటువుల్లో చెప్పుకుంటారు. ఈ రెండు బహుమానాలూ పక్కపక్కన పెట్టి చూడండి. పండితుడు అడిగింది లోకంలో లేని ధాన్యం. తిమ్మనకి దక్కింది ఏటేటా పండే ఊరు. పంట కొంచెమే కావచ్చు, ఒక ఏడు వాన రాకపోవచ్చు, కాని మనవల దాకా తింటారు.

హంపీ వెళ్ళినవాళ్ళు రాతి మండపాల నేల మీద చెక్కిన ఆట గళ్ళు చూసే ఉంటారు. రాజుగారు చదరంగం ఆడుతుంటే, బయట మండపంలో కూర్చున్నవాళ్ళు వాళ్ళ ఆటలు వాళ్ళు ఆడుకున్నారు. పులి-మేక, దాడి, వామనగుంటలు... పెట్టుబడి పాఠాలకి అందరూ చదరంగాన్నే ఉదాహరణగా చెప్తారు. నన్నడిగితే, మామూలు జీతగాడికి చదరంగం కన్నా పులి-మేక దగ్గరి చుట్టం.

చదరంగంలో రెండు పక్కలా బలం సమానం. బజారులో మనకీ ఎదుటివాడికీ సమానం ఎక్కడుంది? పులి-మేకలో ఇటు మూడు పులులు, అటు పదిహేను మేకలు. త్రికోణం గీసి, అడ్డగీతలు గీస్తే ఇరవై మూడు చోట్లు వస్తాయి. పులి పక్క చోటుకి నడవగలదు, వరసలో అవతలి చోటు ఖాళీగా ఉంటే మేక మీంచి దూకి దాన్ని తినగలదు. మేకకి దూకడం రాదు, తినడం రాదు. అసలు పదిహేను మేకలూ బల్ల మీదికి వచ్చేదాకా ఒక్క మేక కదలడానికి వీల్లేదు. మేకలవాడు చేయగలిగిందల్లా ఒక్కొక్కటీ తెచ్చి పెట్టడం, పులులకి కదలే చోటు లేకుండా కట్టేయడం.

2014 డిసెంబరులో మా అమ్మానాన్నా మొదటిసారి గంగాలిన్ వచ్చారు. ఎండాకాలం. ఇంటి వెనక సిమెంటు గచ్చు మీద నాన్నగారు సుద్దముక్కతో పులి-మేక గీశారు. మా ఇంకొల్లు గౌరవం నిలబెడుతూ శనగలు మేకలయ్యాయి. మూడు వాల్‌నట్లు పులులు. ఆరేళ్ళ మనవడికి నేర్పడానికి గీసింది, కాని మొదటి ఆట నాతో. నేను ఫోను చెవికి పెట్టుకునే మేకలు పెడుతున్నాను. పదో మేక పెట్టేసరికి నాలుగు పోయాయి.

"నువ్వు మేకని నడిమధ్యలో పెడుతున్నావురా" అన్నారు. "వెనక చోటు ఖాళీగా ఉందా అని చూడవు. ముందు అంచులు కట్టుకో. అక్కడ దాని వెనక పులి దిగడానికి చోటే ఉండదు. ఇంకో మాట. చేతిలో మేకలున్నన్నాళ్ళే నీకు సుఖం. మేక పెట్టినప్పుడు ఒక చోటు నిండుతుందే కాని ఇంకో చోటు ఖాళీ అవదు. చేతిలోవి అయిపోయాక ప్రతి ఎత్తుకీ ఒక మేకని కదపాలి. ఒక కంత పూడిస్తే ఇంకో కంత పడుతుంది. అసలాట అప్పుడు మొదలవుతుంది."

విన్నాను. వినలేదు కూడా. ఎందుకంటే ఫోనులో అవతల ఉన్నవాడు అమరావతి దగ్గర స్థలం బేరం చెప్తున్నాడు.

*

ఆ కథ చెప్పేముందు మా ఇంటి నేల సంగతి చెప్పాలి. అది కూడా ఒక బల్ల మీది ఆటతో ముడిపడ్డదే.

మేం చిన్నప్పుడు వేసవి సెలవుల్లో 'బిజినెస్' ఆడేవాళ్ళం. బొంబాయి, మద్రాసు కొనడం, ఇళ్ళు కట్టడం, అద్దెలు వసూలు చేయడం. దానికి మూలం అమెరికా మోనోపలీ. దానికీ ఒక మూలం ఉంది. లిజీ మేగీ అనే అమెరికా ఆవిడ 'ల్యాండ్‌లార్డ్స్ గేమ్' అనే ఆటకి 1904 జనవరిలో పేటెంటు తీసుకుంది. హెన్రీ జార్జ్ అనే ఆర్థికవేత్త శిష్యురాలు ఆవిడ. మనిషి కష్టపడి కట్టిన ఇంటి మీద పన్ను వద్దు, ఊరు పెరిగినందువల్ల ఊరికే పెరిగే నేల విలువ మీద పన్ను వేయాలి అని ఆయన సిద్ధాంతం. భూస్వాముల చేతికి నేలంతా పోతే మిగతావాళ్ళు ఎలా దివాలా తీస్తారో చూపించి, జనాన్ని హెచ్చరించడానికి ఆవిడ ఆ ఆట కట్టింది. జనం హెచ్చరికని వదిలేసి, దివాలా తీయించడాన్ని పట్టుకున్నారు! 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ మోనోపలీని చార్లెస్ డారో అనే ఆయన దగ్గర కొని అచ్చేసింది. మేగీ పేటెంటుకి ముట్టింది 500 డాలర్లు. 1970లలో రాల్ఫ్ అన్‌స్పాక్ అనే ఆర్థికశాస్త్ర ప్రొఫెసరు 'యాంటీ మోనోపలీ' అనే ఆట తెచ్చి కోర్టుల చుట్టూ తిరగబట్టి ఆవిడ పేరు మళ్ళీ బయటికి వచ్చింది.

హెన్రీ జార్జ్ 1890లో ఆస్ట్రేలియా అంతా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. ఆయన భార్య సిడ్నీలో పుట్టిన మనిషే. ఆయన మాటలు ఇక్కడ బాగా నాటుకున్నాయి. కొత్త రాజధానికి చోటు చూసుకున్నాక, 1910 చట్టంలోనే ఆ నేలని ఎవరికీ శాశ్వతంగా అమ్మకూడదని రాసుకున్నారు. 1912లో రాజధాని పటానికి పోటీ గెలిచిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్ కూడా హెన్రీ జార్జ్ అభిమానే. అంచేత కాన్‌బెర్రాలో నేల కొనుక్కోవడం ఉండదు, తొంభై తొమ్మిదేళ్ళ లీజు ఉంటుంది. మొదట్లో నేల విలువలో ఏటా అయిదు శాతం అద్దె కట్టించుకునేవారు. 1970లో ఆ అద్దె తీసేశారు. 2012 నుంచి ఇక్కడి ప్రభుత్వం ఇల్లు కొన్నప్పటి స్టాంపు డ్యూటీని మెల్లిగా తగ్గిస్తూ, నేల విలువ మీద వేసే పన్ను పెంచుతూ వస్తోంది. ఏటా ఆ నోటీసు వచ్చినప్పుడల్లా మా ఆవిడ విసుక్కుంటుంది. నేను మాత్రం లిజీ మేగీని తల్చుకుంటాను. ఆవిడ ఆటలో ఒక గడి మీద మేం కాపురం ఉంటున్నాం.

రాజధాని ఆట ఎంత పొడుగో కూడా ఇక్కడే నేర్చుకోవచ్చు. 1913లో పునాదిరాయి. పార్లమెంటు వచ్చింది 1927లో, అదీ తాత్కాలిక భవనంలోకి. తర్వాత ఆర్థికమాంద్యం, యుద్ధం. ముప్ఫై ఏళ్ళు ఊరు దాదాపు ఆగిపోయింది. 1957లో దానికోసం ప్రత్యేకంగా ఒక కమిషను పెట్టాక కదిలింది. గ్రిఫిన్ పటంలోని చెరువు నిండింది 1964లో. ఆయన దాన్ని చూడలేదు. 1937లోనే మన లక్నోలో కన్నుమూశాడు, సమాధి కూడా అక్కడే. మా గంగాలిన్ 1990లలో కాని ఇళ్ళకి నోచుకోలేదు. గ్రిఫిన్ ఆలోచనల్లో ఉన్న ట్రాము, గంగాలిన్ నుంచి ఊరి మధ్యకి, 2019 ఏప్రిల్ 20న నడిచింది. పోటీ గెలిచిన నూట ఏడేళ్ళకి.

ఇవన్నీ నేను రోజూ ట్రాములో ఆఫీసుకి పోతూ కిటికీలోంచి చూసేవే. చూసి కూడా బుద్ధి తెచ్చుకోలేదు.

*

2015లో తుళ్ళూరు పక్కన నలభై లక్షలకి స్థలం కొన్నాను. సగం గంగాలిన్ ఇంటి మీద తెచ్చిన అప్పు. తక్కిన సగం మా నాన్నగారి ప్రావిడెంటు ఫండు. ఆయన అడక్కుండానే ఇచ్చారు. నా చదువుకోసం 2003లో రెండెకరాలు అమ్మిన మనిషి. ఆ స్థలంతో అది తిరిగి వస్తుందని నేనే ఆయనకి చెప్పాను.

నేను ఎంచుకున్న చోటు తప్పు కాదు. ఇరవై తొమ్మిది గ్రామాల రైతులు ముప్ఫై మూడు వేల ఎకరాలకి పైగా సమీకరణకి ఇచ్చారు. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన అయింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చింది. పనులు ఆగాయి, ధరలు పడ్డాయి. రాజకీయం నా విషయం కాదు. ఏ రాజధానికైనా ఇలాంటి మలుపులు వస్తాయని మా ఊరి చరిత్రే చెప్తోంది. ముప్ఫై ఏళ్ళు ఆగిన ఊళ్ళో కూర్చుని, మూడేళ్ళలో రెట్టింపు అవుతుందని లెక్కేసుకున్నది నేను.

2020లో కరోనా వచ్చింది. జూన్‌లో నా కాంట్రాక్టు అయిపోయింది, పొడిగించలేదు. ఇంటి అప్పు, స్థలం అప్పు, పిల్లాడి బడి. బ్యాంకులో మూడు నెలల ఖర్చుకి కూడా లేదు, ఎందుకంటే ఉన్నదంతా 'పెట్టుబడి' పెట్టాను కదా! ఆ ఏడాది ప్రభుత్వం రిటైర్‌మెంటు సొమ్ములోంచి పదివేల డాలర్ల చొప్పున రెండుసార్లు తీసుకోనిచ్చింది. దేశం మొత్తం మీద 3,500 కోట్ల డాలర్లకి పైగా తీశారు. నేను ఒక పదివేలు తీశాను. అప్పటికి నాకు నలభై ఒకటి. మల్లన లెక్కలో ఇంకా మూడు రెట్టింపులున్నాయి. అరవై ఎనిమిదో ఏటికి అది ఎనభై వేలు. ఆ సంగతి తెలిసే తీశాను.

చాలలేదు. ఆ నవంబరులో స్థలం పదిహేడు లక్షలకి అమ్మేశాను. జనవరిలో కొత్త కాంట్రాక్టు వచ్చింది! 2024లో ప్రభుత్వం మారి, 2025 మే 2న రాజధాని పనులు మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పుడు ఆ స్థలం ధర ఎంతో నేను అడగను. చెప్పేవాళ్ళు అడక్కుండానే చెప్తారు.

మోనోపలీ ఆడినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఆ ఆటలో ఓడిపోయేది చెడ్డ వీధి కొన్నవాడు కాదు. మంచి వీధులే కొని, చేతిలో నోటు లేకుండా పోయినవాడు. అద్దె కట్టాల్సిన గడిలో పడితే కొన్నది సగానికి తాకట్టు పెట్టాలి. మా నాన్నగారు సుద్దముక్కతో చెప్పింది కూడా అదే. చేతిలో మేకలు లేనివాడు కదపకూడని మేకని కదపాల్సి వస్తుంది.

*

ఆటల పాఠాలు చెప్పేవాళ్ళు ఒక్క విషయం దాచేస్తారు. చదరంగంలో, పులి-మేకలో పాచికలు లేవు. బజారులో ఉన్నాయి. ఆస్ట్రేలియాలో రెండొందల పెద్ద కంపెనీల సూచీ 2007 నవంబరులో 6,800 పైన ఉంది. 2009 మార్చికి 3,200 కిందికి వచ్చింది. పాత శిఖరం తిరిగి దాటింది 2019 జూలైలో, పదకొండేళ్ళు దాటాక. మధ్యలో డివిడెండ్లు వచ్చాయనుకోండి, అయినా పదకొండేళ్ళు ఓపిక పట్టడం మాటలు కాదు. దాన్ని ముందే చూసి ఎత్తు వేశానని ఎవరైనా అంటే నేను నమ్మను.

అందుకని నా దృష్టిలో బజారుకి సరిగ్గా సరిపోయే ఆట మా అమ్మ ఆడే అష్టాచెమ్మా. నాలుగు గవ్వలు మన మాట వినవు. చెమ్మ పడాలంటే పడదు. కాని ఏ కాయని నడపాలో మనిష్టం. ఒకే కాయని పరిగెత్తించేవాడు దాన్ని పోగొట్టుకుని మొదటికి వస్తాడు. నాలుగు కాయల్నీ కాస్త కాస్త నడుపుతూ, అడ్డగీతలున్న గడిలో కాసేపు ఆగుతూ వచ్చేవాడు ఎక్కువసార్లు పండిస్తాడు. ఎప్పుడూ కాదు, ఎక్కువసార్లు. గవ్వలు బాగా పడ్డ రోజున తానే గొప్ప ఆటగాణ్ణనుకోవడం, పడని రోజున ఆటే మోసమనడం, రెండూ ఒకే రకం పొరపాటు.

మేకలు ఒక్కొక్కటీ పెట్టడానికి ఈ దేశంలో ఒక ఏర్పాటు ఉంది. 1992 నుంచి యజమాని ప్రతి ఉద్యోగి జీతం మీద కొంత రిటైర్‌మెంటు ఖాతాలో వేయాలి. మొదట మూడు శాతం, 2002కి తొమ్మిది, 2025 జూలై నుంచి పన్నెండు. అరవై ఏళ్ళు వచ్చేదాకా మామూలుగా కదపకూడదు. మేకలన్నీ దిగేదాకా ఏదీ కదలకూడదనే నియమమే ఇది కూడా. నేను జీవితంలో తెలివిగా చేసిన పెట్టుబడి ఏదైనా ఉందంటే, నా తెలివితో పని లేకుండా జరిగిన ఇదొక్కటే. ఆ ఒక్క పదివేలు తప్ప.

ఇప్పుడు మాకు మూడు నియమాలున్నాయి. ఏడాది ఖర్చు చేతిలో మేకలుగా ఉండాలి. అప్పు తెచ్చి పొడుగాటి ఆట ఆడకూడదు. కొన్నదాని పొడుగెంతో, మన ఊపిరి పొడుగెంతో ముందే కొలుచుకోవాలి. ఇవి చెప్పడానికి ఏ నిపుణుడూ అక్కర్లేదు. నాకు మాత్రం ఇరవై మూడు లక్షలయింది.

*

స్థలం అమ్మిన సంగతి నాన్నగారికి రెండేళ్ళు చెప్పలేదు. సరిహద్దులు మూసేశారు, వెళ్ళడానికి లేదు, ఫోనులో చెప్పే మాటా ఇది అనుకున్నాను. నిజానికి ధైర్యం లేక. 2022 డిసెంబరులో ఇంకొల్లు వెళ్ళాను. రెండో రోజు పొద్దున అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, ఎంతకి కొన్నది, ఎంతకి అమ్మింది, ఎందుకు అమ్మింది మొత్తం చెప్పాను. ఆయన వాటా నెమ్మదిగా తిరిగి ఇస్తానన్నాను.

ఆయన కాసేపు వీధిలోకి చూస్తూ ఉండిపోయారు. మా అమ్మ గుమ్మం దగ్గర నిలబడింది.

"ఎన్ని మేకలు పోయాయిరా?" అన్నారు.

అర్థం కావడానికి నాకు కాస్త టైము పట్టింది. "మూడు" అన్నాను.

"ఇంకా పన్నెండున్నాయిగా. అంచుల నుంచి కట్టుకుంటూ రా" అని లేచి, కాఫీ తాగడానికి లోపలికి వెళ్ళారు.

ఆయనకి ఇప్పుడు డెబ్భై ఎనిమిది. నెలనెలా నేను పంపే సొమ్ము లెక్క ఒక నోటుబుక్కులో రాస్తారు, పావలా తేడా లేకుండా. మా అబ్బాయి గచ్చు మీద సుద్దగీతలు చెరిగిపోయాయని, అట్టముక్క మీద పులి-మేక గీసి ఫోను ముందు పెట్టుకుని ఆదివారాలు ఆయనతో ఆడతాడు. తాతయ్యవి పులులు, వాడివి మేకలు. పోయిన వారం పదిహేను మేకలూ దించేసరికి ఒక్కటే పోయింది. ఆటింకా అవలేదు. ఈ ఆదివారం మళ్ళీ కూర్చుంటారు.